లావుకాళ్ళ మేడ

హువాలియెన్ పట్టణంలో రేవుకు వెళ్ళే దారిలో ఉన్న ఆ ఏడంతస్తుల భవనానికి గోడమీద చెక్కిన పేరు ఒకటి ఉంది కానీ, ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవరు. లావుకాళ్ళ మేడ అంటారు. ఆరేళ్ళ క్రితం భూకంపంలో దాని కింది అంతస్తుల పిల్లర్లు బీటలు తీశాయి. అప్పుడు నివాసులంతా ఒక మాట మీదికి వచ్చి, వాటి చుట్టూ కొత్త ఊచలు కట్టించి, కాంక్రీటు పోయించి, రెండు చేతులూ చాపి కౌగిలించుకున్నా అందనంత లావు చేయించారు. ఆ పనికి లెక్కలు కట్టి, డ్రాయింగుల మీద సంతకం పెట్టింది ఫాన్ సూయున్ అనే ఇంజనీరు.

నిన్న పొద్దున మళ్ళీ భూమి కదిలింది. అప్పటికంటే పెద్దది. అదే వీధిలో ఒక భవనం పక్కకు ఒరిగింది, ఇంకోదాని కింది అంతస్తు నలిగిపోయింది. లావుకాళ్ళ మేడ మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. రాత్రంతా బడి వ్యాయామశాలలో చాపల మీద పడుకున్నవాళ్ళు తెల్లారగానే ఇళ్ళకు తిరిగి వచ్చేశారు. పక్క భవనాలవాళ్ళు కూడా పిల్లల్నీ మూటల్నీ పట్టుకుని వచ్చి, ఆ మేడలో తెలిసినవాళ్ళ ఇళ్ళలో దిగారు.

నష్టం చూడటానికి ఇంజనీర్లను ఇద్దరిద్దరుగా పంపుతున్నారు. ప్రమాదమైతే ఎర్ర కాగితం, మరమ్మతు కావాలంటే పసుపు కాగితం అతికించాలి. యాభై మూడేళ్ళ సూయున్‌కు జోడీగా డెబ్బై దాటిన పెంగ్ గారు వచ్చారు. చేతికిచ్చిన జాబితాలో నాలుగో వరుసలో లావుకాళ్ళ మేడ చిరునామా కనిపించింది. ఇది నేను చేసిన పనే, ఇంకెవరినైనా పంపండి అని ఆమె అక్కడే చెప్పవలసింది. చెప్పలేదు. నిజానికి ఆమెకు ఆ మేడను చూడాలని ఉంది. నిన్నటి నుంచి కూలినవే చూస్తోంది. నిలబడినదాన్ని, అందులోనూ తను నిలబెట్టినదాన్ని ఒక్కసారి చూడాలనిపించింది.

గుమ్మంలోనే యెన్ తేషెంగ్ ఎదురొచ్చాడు. రేవులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపి మానేసిన మనిషి. నివాసుల సంఘానికి పెద్ద. వస్తూనే పిల్లర్ మీద అరచేత్తో గట్టిగా చరిచాడు.

"చూడు ఇంజనీరమ్మా, చూడు! వెంట్రుకంత గీత కూడా లేదు. నిన్న నేను ఐదో అంతస్తులో ఉన్నాను. బీరువా వచ్చి మంచం మీద పడింది. కిందికి వచ్చి చూద్దును గదా, ఇవి మాత్రం బుద్ధుడిలా కూర్చున్నాయి."

పిల్లర్ పక్కనే ఆబన్ కొట్టు. వంటన్‌లు, అంటే మాంసం కూరిన పిండి మడతలు వేసిన పులుసు అమ్ముతుంది. గ్యాసు పొయ్యి రోడ్డు మీదికి లాక్కుని, పెద్ద గిన్నెలో పులుసు కాచి, వచ్చినవాళ్ళందరికీ పోస్తోంది. సూయున్‌ను చూసి గరిటె ఊపింది.

"నా మోకాళ్ళకు కూడా ఇలాగే కాంక్రీటు పోయించు తల్లీ. డాక్టరు దగ్గరికి తిరగలేక చస్తున్నాను."

అందరూ నవ్వారు. సూయున్ కూడా నవ్వింది. ఆమె, పెంగ్ గారు కలిసి కింది అంతస్తులో ఎనిమిది పిల్లర్లూ టార్చి వేసి చూశారు. యెన్ చెప్పింది నిజమే. ఒక్క గీత లేదు. పెంగ్ గారు రాసుకుంటూ, "ఈ వీధిలో ఇదొక్కటే తేలిగ్గా అయిపోయేలా ఉంది" అన్నారు.

"తొందరగా రాసేసి వచ్చి తలో గిన్నె తాగండి" అంది ఆబన్. "నాకు మళ్ళీ ఊడ్చే పని ఉంది. పొద్దుటి నుంచి మూడుసార్లు ఊడ్చాను. మెట్ల దగ్గర పైనుంచి ఒకటే ఇసుక రాలుతోంది."

సూయున్ నవ్వు ఆగింది. "ఎక్కడ, అక్కా?"

"అదిగో, మెట్లు మొదలయ్యే చోట. పైన అట్టల సీలింగు ఉంది చూడు, దాని సందుల్లోంచి."

మెట్ల ముందు నేల మీద బూడిద రంగు పొడి సన్నటి గీతలా పడి ఉంది. సూయున్ వంగి వేళ్ళతో తీసి నలిపి చూసింది. సున్నం కాదు, సిమెంటు. అందులో చిన్న కంకర ముక్క ఒకటి తగిలింది. నిచ్చెన తెమ్మంది. యెన్ తెచ్చి పట్టుకున్నాడు. ఆమె ఎక్కి ఒక అట్ట జరిపి టార్చి వేసింది.

అక్కడ మెట్లకు అటూ ఇటూ రెండు పిల్లర్లు. వాటిని కలుపుతూ ఒక చిన్న బీమ్. మెట్ల మలుపు బరువూ, పక్క గోడ బరువూ దాని మీదే. ఆ బీమ్ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు, మళ్ళీ ఇటు నుంచి అటుకు, రెండు పగుళ్ళు కత్తెర వేసినట్టు ఉన్నాయి. వేలు దూరేంత వెడల్పు. కింది పెచ్చు ఊడి అట్టల మీద పడింది. ఊచల చుట్టూ కట్టిన ఇనుప రింగులు రెండు కొక్కేలు విప్పుకుని బయటికి వంగాయి.

ఆ బీమ్ పొడవెంతో ఆమెకు తెలుసు. ఎందుకు తెలుసో కూడా గుర్తొచ్చింది.

ఆరేళ్ళ క్రితం పిల్లర్లను అరవై ఐదు సెంటీమీటర్లకు పెంచాలని ఆమె లెక్క కట్టింది. పిల్లర్లనూ, వాటికి ఆనుకున్న బీమ్‌లనూ కలిపి చూసుకుంది, సరిపోయింది. నివాసుల సమావేశంలో యెన్ లేచి, "అరవై ఐదేంటమ్మా, ఎనభై ఐదు చెయ్యి. లావుగా ఉంటే ధైర్యంగా ఉంటుంది. ఎక్కువైతే నష్టమేమన్నా ఉందా?" అని అడిగాడు. "నష్టమేం లేదు" అంది ఆమె. ఇంటికెళ్ళి డ్రాయింగులో అంకె మార్చింది. పిల్లర్ల లెక్క మళ్ళీ చూసింది. బీమ్‌లది చూడలేదు. పిల్లర్ పెరిగితే మేలే కదా అనుకుంది.

నిచ్చెన దిగింది. పెంగ్ గారు ఎక్కి చూసి, చాలాసేపు పైనే ఉండి, దిగారు. ఆమెను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడిగారు.

"ఎంతమంది ఉన్నారు లోపల?"

"నలభై పైనే. దిగడానికి ఈ మెట్లొకటే దారి. లిఫ్టు నిన్ననే ఆగిపోయింది."

"ఇంకొక్క గట్టి ఊపు వస్తే అది తెగుతుంది. తెగితే మలుపు కూలి దారి మూసుకుపోతుంది. ఎర్ర కాగితం తియ్యి."

"పెంగ్ గారూ, ఈ పని నాదే. డ్రాయింగు నాది."

ఆయన ఆమెను ఒక క్షణం చూశారు. "ఆ సంగతి ఇప్పుడెందుకు? ముందు వీళ్ళను దింపు. నీ సంగతి తర్వాత ఇంజనీర్ల సంఘంలో చెప్పుకో. ఇప్పుడు చెబితే నిన్ను కొట్టినా కొడతారు."

సూయున్ వెళ్ళి ద్వారం పక్కన ఎర్ర కాగితం అతికించింది. ఆబన్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. యెన్ కాగితం వైపు చూశాడు, పిల్లర్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఇదేం వేళాకోళం?"

"వేళాకోళం కాదు యెన్ అన్నా. మెట్ల మీది బీమ్ పోయింది. అందరూ ఇప్పుడే దిగాలి."

"బీమేగా? పిల్లర్లకేమైంది? ఏమీ కాలేదుగా!" అతని గొంతు లేచింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. "ఆ రోజు మీటింగులో నువ్వే చెప్పావు. నాకు బాగా గుర్తుంది. భూకంపం వస్తే ముందు బీమ్ దెబ్బ తినాలి, పిల్లర్ నిలబడాలి, అప్పుడే మనుషులు బతుకుతారు అన్నావా లేదా? బీమ్ దెబ్బ తింది, పిల్లర్ నిలబడింది. నువ్వన్నట్టే జరిగింది. మరి ఈ ఎర్ర కాగితం ఎందుకు?"

"అవును, అన్నాను."

"మరి!"

పైనుంచి ఒకామె అరిచింది. "మళ్ళీ ఆ బడిలోకి పోవాలా? మా అత్తకు నడుం నొప్పి, నేల మీద పడుకోలేదు. మేం రాం!" ఇంకెవరో, "వీళ్ళకు కాగితాలు అయిపోవాలి, అతికించి పోతారు" అన్నారు. ఒకరిద్దరు తలలు లోపలికి తీసుకుని కిటికీలు వేసుకున్నారు.

సూయున్ చుట్టూ చూసింది. ఆబన్ కొట్టులో బల్ల మీద ఎండు నూడుల్స్ కట్ట ఉంది. అందులోంచి ఒక పొడుగు పోగు తీసి రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ వంచింది. అది ధనుస్సులా వంగింది, విరగలేదు.

"బీమ్ దెబ్బ తినడమంటే నేను చెప్పింది ఇలా వంగడం అన్నా. మెల్లగా వంగుతుంది, పగులుతుంది, కానీ మోస్తూనే ఉంటుంది." తర్వాత వేలంత ముక్క విరిచి, రెండు చేతుల వేళ్ళతో దగ్గరగా పట్టుకుని అంతే వంచింది. ముక్క టక్కున తెగి కిందపడింది. "మెట్ల మీది బీమ్ ఇలా తెగుతోంది. అటూ ఇటూ పిల్లర్లు లావెక్కాయి. అవి మధ్యలోకి జరిగేసరికి బీమ్ పొట్టిదైపోయింది. పైగా అంత లావు పిల్లర్లు వంగవు. భూమి ఊగినప్పుడు వంగాల్సిన బాధంతా ఆ పొట్టి బీమ్ మీద పడింది."

యెన్ వంగి కిందపడిన ముక్క తీశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "అంటే పిల్లర్లు లావు చేసినందుకే బీమ్ పోయిందంటావా?"

"అవును."

"అప్పుడు నీకు తెలియదా?"

పెంగ్ గారు ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. ఆమె విడిపించుకుంది.

"లెక్క కట్టి ఉంటే తెలిసేది. నేను కట్టలేదు. మీరు ఎనభై ఐదు చెయ్యమన్నారు, నేను అంకె మార్చాను. పిల్లర్లు చూశాను, బీమ్ చూడలేదు. తప్పు నాది. నా పేరు మీద ఎక్కడైనా ఫిర్యాదు చేసుకోండి, నేనే సంతకం పెట్టి ఇస్తాను. కానీ ఇప్పుడు దిగండి. దీన్ని లావు చేయించినదాన్ని నేను, నేనే చెబుతున్నాను, ఇది ఆగదు."

యెన్ ఆమెను ఏదో అనబోయి, నేల మీద ఉమ్మి, పక్కకు తిరిగి కిటికీల వైపు గొంతెత్తాడు.

"విన్నారుగా! లెక్క కట్టినావిడే తప్పయిందంటోంది. ఇంకా ఏం వినాలి? దిగండి! వస్తువులు వద్దు. పర్సు, మందులు, అంతే. ఒక్కొక్కరే, గోడవైపుగా, పరిగెత్తకండి!"

అప్పటివరకూ ఎర్ర కాగితానికి కదలని జనం ఆ మాటకు కదిలారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. చంటిపిల్లలు, పిల్లి బుట్టలు, ఒకామె చేతిలో పూర్వీకుల పేర్లున్న చెక్క పలక. ఆబన్ పొయ్యి ఆర్పి, ద్వారం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

యెన్ రోడ్డు అవతల కట్టుబడి జరుగుతున్న స్థలంలోకి పరిగెత్తి, ఇద్దరిని కేకేసి, చదరపు దుంగలు మోయించుకొచ్చాడు. రేవులో బరువులు ఎత్తిపెట్టేటప్పుడు ఎలా చేస్తారో అలాగే బీమ్ కింద, మెట్లకు ఒక పక్కగా, రెండు దుంగలు ఇటూ, వాటి మీద రెండు అటూ పేర్చుకుంటూ గూడు కడుతున్నాడు. మిగిలిన సందులోంచి మనుషులు దిగుతున్నారు. ప్రతి వరసకూ అతను అరచేత్తో తట్టి చూసుకుంటున్నాడు.

"బీమ్‌కు నేరుగా ఆనించకండి, సందులో చెక్క చీలికలు కొట్టి బిగించండి" అంది సూయున్.

"ఇది నాకు తెలుసు. నువ్వు చూడకుండా వదిలేసిన లెక్కలు చూసుకో పో" అన్నాడతను, ఆమె మొహం చూడకుండా.

ఆబన్ లెక్క నలభై ఒకటి దగ్గర ఆగింది. "ఐదో అంతస్తు చువాంగ్ తాత రాలేదు. వాతీ కూడా."

తాతకు ఎనభై ఎనిమిదేళ్ళు. ఆక్సిజన్ గొట్టం లేకుండా పది నిమిషాలు ఉండలేడు. ఆయన్ను చూసుకునే వాతీ ఇండోనేషియా అమ్మాయి. సూయున్ మెట్ల వైపు నడిచింది. పెంగ్ గారు వెనకనుంచి కేకేశారు, ఆమె ఆగలేదు. ఆమె వెనకాలే వీధిలోని ఇద్దరు మగవాళ్ళు ఎక్కారు.

ఐదో అంతస్తులో తలుపు తెరిచే ఉంది. వాతీ అప్పటికే తాతను కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో నడుం కట్టి, చిన్న సిలిండర్ ఒళ్ళో పెట్టింది.

"ఒక్కదాన్నే, ఎలా దింపాలి? పిలిచాను, ఎవరికీ వినపడలేదు" అంది ఏడుపు ఆపుకుంటూ.

తాత సూయున్‌ను తేరిపార చూశాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఇంజనీరును తాతా."

"మేడ మంచిదే కదా?"

ఆమె దుప్పటి ముడి లాగి బిగించింది. మగవాళ్ళిద్దరూ కుర్చీ ముందూ వెనకా ఎత్తారు. వాతీ సిలిండర్ పట్టుకుంది. సూయున్ ముందు నడుస్తూ మెట్లు చెప్పింది. నాలుగు దాటారు. మూడు దాటారు. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి అందరి జేబుల్లోనూ ఫోన్లు భూకంప హెచ్చరికతో ఒక్కసారి కూత పెట్టాయి.

ఆ కూతకూ కుదుపుకూ మధ్య ఐదారు క్షణాలుంటాయి. పన్నెండు మెట్లు దిగితే ఆ బీమ్. సూయున్ చెయ్యి అడ్డం పెట్టింది.

"దింపండి! ఇక్కడే! గోడకు ఆనుకోండి!"

కుర్చీ నేలకు తగిలిందో లేదో, మేడ మొత్తం ఒక పక్కకు వెళ్ళి, వెనక్కి వచ్చింది. గోడలోంచి పళ్ళు నూరినట్టు శబ్దం. వాతీ తాత మీద వంగి ఆయన తలను రెండు చేతులతో కప్పింది. కింద ఏదో ఫెళ్ళుమంది. ఆ వెంటే దుమ్ము బావిలోంచి ఆవిరిలా పైకి ఎగసింది. దీపాలు ఆరిపోయాయి. ఊపు ఎంతసేపుందో ఆమెకు తెలియలేదు. ఆగిన తర్వాత కూడా కాళ్ళ కింద నేల కదులుతున్నట్టే ఉంది.

"యెన్ అన్నా!" అని అరిచింది.

జవాబు లేదు.

"యెన్ అన్నా!"

దగ్గు వినిపించింది. తర్వాత గొంతు. "దిగింది... బీమ్ దిగింది. జానెడు దిగి గూడు మీద కూర్చుంది. దుంగలు పట్టుకున్నాయి. రండి. తల వంచుకుని రండి. త్వరగా రండి, తగలకుండా రండి."

మలుపు ఒక పక్కకు ఒరిగి ఉంది. టార్చి వెలుగులో బీమ్ రెండుగా తెగి, ఒక ముక్క దుంగల మీద వాలి కనిపించింది. ఊచలు బయటికి పొడుచుకొచ్చాయి. పక్కన ఒక మనిషి పట్టేంత సందు. మగవాళ్ళు కుర్చీని వదిలేసి తాతను దుప్పటితో సహా ఎత్తుకున్నారు. వాతీ సిలిండర్‌ను గుండెకు హత్తుకుని దాటింది. అందరికంటే చివర సూయున్ దాటింది.

యెన్ గూడు పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎడమ చెయ్యి పొట్టకు నొక్కి పట్టుకున్నాడు. చీలిక కొడుతుండగా కుదుపు వచ్చింది, రెండు వేళ్ళు దుంగల మధ్య పడ్డాయి. ఆమె అతని భుజం కింద చెయ్యి వేసింది. అతను వద్దనలేదు. ఇద్దరూ వీధిలోకి వచ్చారు. ఆబన్ నలభై రెండు, నలభై మూడు అని చెప్పి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టి, అప్పుడు రోడ్డు మీద కూలబడి ఏడ్చింది.

ఎనిమిది పిల్లర్లూ అలాగే ఉన్నాయి. ఒక్క గీత లేదు.

ఆ వారంలోనే సూయున్ ఇంజనీర్ల సంఘానికి ఉత్తరం రాసింది. విచారణ నాలుగు నెలలు నడిచింది. యెన్ సాక్ష్యానికి వచ్చాడు. రెండు వేళ్ళూ సగానికి పోయాయి. "ఎనభై ఐదు చెయ్యమని పట్టుబట్టింది నేనే. మాకు తెలిసిందల్లా లావుగా ఉంటే మంచిదని" అని చెప్పాడు. సూయున్ లేచి, "అడగడం ఆయన హక్కు, లెక్క చూడటం నా పని" అంది. ఆమె లైసెన్సు ఏడాది పాటు ఆపేశారు. మేడను బాగుచేయవచ్చని కొందరు, వద్దని కొందరు రెండుసార్లు ఓట్లు వేసుకుని, చివరికి కూల్చేశారు. నివాసులు ఊరంతా చెదిరిపోయి అద్దె ఇళ్ళలో చేరారు. ఆబన్ రైల్వే స్టేషన్ వెనక ఒక సందులో కొట్టు పెట్టుకుంది.

సూయున్ పిల్లర్లు లావు చేయించిన భవనాలు ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కలా ఇంకో పదకొండు ఉన్నాయి. లైసెన్సు లేని ఆ ఏడాదంతా ఆమె పెంగ్ గారిని వెంటబెట్టుకుని వాటి గుమ్మాలు ఎక్కింది. కొందరు టీ ఇచ్చారు, కొందరు తలుపు తీయలేదు. యూలీ అనే ఊరి దగ్గర ఒక భవనంలో నివాసులు సీలింగు విప్పడానికి అసలు ఒప్పుకోలేదు. "మొన్నటి పెద్ద భూకంపానికి కూడా మా పిల్లర్లకు ఏమీ కాలేదు. మమ్మల్ని భయపెట్టకు" అన్నారు. రెండుసార్లు వెళ్ళి తిరిగి వచ్చింది. మూడోసారి వెళ్ళేముందు యెన్‌కు ఫోన్ చేసింది. అతను "ఎన్ని గంటల బస్సు?" అని అడిగి, విని ఫోన్ పెట్టేశాడు.

సమావేశంలో అతను ఎడమ చెయ్యి జేబులోంచి తీయలేదు. లేచి నిలబడి, "ఈవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే. మా ఇల్లు పోయింది" అన్నాడు. "ఈవిడను నమ్మమని చెప్పడానికి రాలేదు. ఒక అట్ట విప్పి మీ కళ్ళతో మీరు చూడండి. అంతే." కూర్చున్నాడు. కాసేపటికి ఎవరో వెళ్ళి అట్ట విప్పారు. అక్కడా అలాంటి పొట్టి బీమే ఉంది, కొద్దిగా పగిలి. పదకొండింట్లో నాలుగు అలాంటివే తేలాయి. నాలుగింటికీ బీమ్‌ల చుట్టూ ఉక్కు రేకులు బిగించడానికి రెండేళ్ళు పట్టింది.

యూలీ సమావేశం రోజు తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకే బస్సు ఎక్కారు. సూయున్ పక్క సీటు మీద సంచి తీసి కింద పెట్టుకుంది. అతను ఆ సీటు చూసి, ముందుకు వెళ్ళి డ్రైవరు వెనక కూర్చున్నాడు.